పెద్దల నోటి పాటను మనుమల నోటికి చేర్చడం ఎలా: హవాయి వృద్ధుల అనుభవం, మన సరిహద్దు ఊళ్ళ అవసరం

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఇప్పుడు తరచుగా కనిపించే పరిస్థితి ఒకటి ఉంది. నలుగు మొదలు అప్పగింతల దాకా పెళ్ళి తంతు మొత్తం మామ్మకు పాటల రూపంలోనే గుర్తుంటుంది. మనుమరాలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది కాని, బడిలో ఒడియా చదువుకొన్నందువల్ల తెలుగు అక్షరాలు చదవలేదు. మామ్మ పాటను ఎవరైనా పుస్తకంలో రాసి పెట్టినా ఆ పిల్లకు అది ఉపయోగపడదు. ఈ పాటను ఆ పిల్ల నోటికి చేర్చే పని ఎలా మొదలుపెట్టాలో, ఎలా సాగించాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. దీనికి ఆధారంగా పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల వృద్ధుల అనుభవాన్ని తీసుకొన్నాను. అక్కడ పెద్దలను కుపునా అంటారు. మనకంటే ఎంతో గడ్డుకాలంలో వారు తమ పాటను నిలుపుకొన్నారు కనుక, వారు చేసిన పనుల్లో మనం చేయదగినవి చాలా ఉన్నాయి. వాటన్నిటికీ మూలమైన విషయాన్ని ముందే చెబుతాను. పాటను రికార్డు చేసి దాచినంత మాత్రాన అది బతికినట్లు కాదు. పెద్దవారు ఎదురుగా కూర్చోబెట్టుకొని నేర్పాలి, పిల్లలు నేర్చుకొని సందర్భం వచ్చినప్పుడు పదిమందిలో పాడాలి. రికార్డు ఆ పనికి తోడు మాత్రమే.

హవాయిలో జరిగినది

1820లో అమెరికా నుంచి క్రైస్తవ మిషనరీలు హవాయి చేరుకొన్నారు. 1830లో రాజ్యపాలన చూస్తున్న కాఅహుమను రాణి, బహిరంగంగా హులా నాట్యం చేయరాదని ఆజ్ఞ ఇచ్చింది. హులాకు ప్రాణం మెలె అనే పాట. రాజుల వంశావళులు, దేవతల కథలు, కొండల పేర్లు, ఒక్కొక్క లోయలో కురిసే వానకు ఉండే ప్రత్యేకమైన పేరు కూడా ఆ పాటల్లోనే ఉంటాయి. 1883లో కలాకౌఆ రాజు తన పట్టాభిషేక ఉత్సవంలో హులాను మళ్ళీ అందరి ముందుకు తెచ్చాడు గాని, 1893లో అక్కడి రాచరికాన్ని కూలదోశారు. 1896లో బడుల్లో బోధన ఆంగ్లంలోనే సాగాలని చట్టం వచ్చింది. ఆ తరువాతి తరాల పిల్లల్లో చాలామంది తాతల భాష రాకుండానే పెరిగారు. అయినా ఇళ్ళలో, పెరళ్ళలో, చర్చిల్లో, బంధువుల విందుల్లో పెద్దలు పాడుతూనే వచ్చారు. 1970లలో యువతరం తమ పాటలను వెతుక్కుంటూ వచ్చేనాటికి చెప్పగలిగిన పెద్దలు ఇంకా మిగిలి ఉన్నారు. 1978లో, అప్పటికి అమెరికాలో ఒక రాష్ట్రంగా ఉన్న హవాయి రాజ్యాంగాన్ని సవరించి హవాయి భాషకు అధికార భాష హోదా ఇచ్చారు, బడుల్లో హవాయి విద్య ఉండాలని నిర్దేశించారు. ఆ నిర్దేశం ఫలితంగానే కుపునాలు ప్రాథమిక పాఠశాలల తరగతి గదుల్లోకి వెళ్ళి, ఉపాధ్యాయుల పక్కన నిలబడి, పిల్లలకు మాటలు, పాటలు నేర్పారు.

మనకు అంత కష్టం రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు అందులో చేరాయి. మన పాటను ఎవరూ నిషేధించలేదు. ఒడియా మన పిల్లలకు చదువునూ ఉద్యోగాన్నీ ఇస్తున్న భాష, దానిమీద మనకు ఫిర్యాదు ఉండకూడదు. కాని బడి భాష ఒకటి, అమ్మమ్మ భాష మరొకటి అయినప్పుడు, ఎవరూ ప్రత్యేకించి పూనుకోకపోతే పాట ఒక తరంతో ఆగిపోతుంది. హవాయిలో చట్టం వల్ల జరిగినది మన దగ్గర ఏమరుపాటు వల్ల జరుగుతోంది.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

పెద్దావిడ దగ్గర కూర్చొని “మీకు వచ్చిన పాత పాటలు పాడండి మామ్మా” అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు “నాకేం వచ్చు నాయనా, అన్నీ మరిచిపోయాను” అన్నదే. ఆమెకు పాట పేరుతో గుర్తుండదు, పనితోనూ సందర్భంతోనూ గుర్తుంటుంది. కనుక “మీ పెళ్ళిలో నలుగు పెట్టేటప్పుడు ఎవరు పాట ఎత్తుకొన్నారు?”, “ఊడ్పులకు మీ ఊరినుంచి ఎవరెవరు వెళ్ళేవారు?”, “సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ ఏం పాడేవారు?” అని అడగాలి. లాలి, తిరగలి, దంపుళ్ళు, ఊడ్పులు, గొబ్బి, నలుగు, తలంబ్రాలు, హారతి, అప్పగింతలు అని సందర్భాల జాబితా ఒకటి ముందుగా రాసుకొని, ఒక్కో పూట ఒక్కో సందర్భాన్ని మాత్రమే తీసుకోవాలి. మగవారి దగ్గర తప్పెటగుళ్ళు, జముకుల కథ, భజన పాటలు దొరుకుతాయి. వారిని తాతగారూ, మావయ్యగారూ అని వరస పెట్టి పలకరించి, వారి గురువు ఎవరో ముందు అడిగితే మాట సులువుగా సాగుతుంది.

పనిపాటకు ఆ పని చేతిలో ఉండాలి. ఒక ఇంట్లో పెద్దావిడ దంపుళ్ళ పాట రెండు పాదాలు పాడి ఆగిపోయారు. ఎంత ప్రయత్నించినా మూడో పాదం రాలేదు. కోడలు వెళ్ళి అటక మీది రోకలి దింపి, రోట్లో నాలుగు గుప్పెళ్ళ వడ్లు పోసి, రోకలి ఆమె చేతికి ఇచ్చింది. మొదటి పోటు వేసి “సువ్వి” అన్నారు, రెండో పోటుకు మళ్ళీ “సువ్వి” అన్నారు, మూడో పోటుకు మరిచిపోయిన పాదం వచ్చింది, దాని వెంట తక్కిన చరణాలన్నీ వచ్చాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ విరవాలో రోకటి పోటును బట్టే ఉన్నందువల్ల, రోకలి లేకుండా ఆ పాట నడవలేదు. అందుకని తిరగలి పాటకు తిరగలి, లాలి పాటకు ఒళ్ళో పసిబిడ్డ, హారతి పాటకు పళ్ళెం సిద్ధం చేసుకొనే కూర్చోవాలి.

మరో ముఖ్యమైన ఏర్పాటు వంత. మన ఆడవారి పాటల్లో చాలామటుకు ఒకరు ఎత్తుకొంటే తక్కినవారు అందుకొనేవి. ఒంటరిగా కూర్చోబెడితే పెద్దవారికి సగం పాటే వస్తుంది. ఆమె ఈడు తోటికోడలినో, చిన్ననాటి స్నేహితురాలినో పిలిపించాలి. ఇద్దరికీ పాఠం తేడాగా వస్తే ఎవరిది సరైనదని తేల్చవద్దు. రెండూ రాసుకోవాలి, ఎవరిది ఏ ఊరి పాటో పక్కన గుర్తుపెట్టాలి. పూటకు ముప్పావు గంట మించకుండా, మధ్యాహ్నం నిద్ర లేచాక కూర్చోవడం మంచిది. దగ్గు వస్తుంటే ఆ రోజుకు ఆపి కబుర్లతో సరిపెట్టుకోవాలి.

హవాయి పాటలు, కథలు, ఆచారాలు సేకరించినవారిలో మేరీ కవేనా పుకుయి (1895–1986) పేరు అందరికంటే ముందు చెప్పుకోవాలి. ఆమెను చిన్నతనంలో పెంచినది అమ్మమ్మే. ఆ అమ్మమ్మ హులా తెలిసిన మనిషి. ఆమె దగ్గర నేర్చిన భాషతో పుకుయి పెద్దయ్యాక హొనొలులులోని బిషప్ మ్యూజియం తరఫున ఊరూరా తిరిగి, వృద్ధులను వారి భాషలోనే పలకరించి, టేపుల మీద మాటలు రికార్డు చేశారు. 1957లో వెలువడిన హవాయి–ఆంగ్ల నిఘంటువు రూపకర్తల్లో ఆమె ఒకరు. మన పని కూడా ఇంటి మనిషే చేయాలి. బయటినుంచి వచ్చినవారికి మామ్మ మర్యాద కోసం రెండు హారతి పాటలు పాడి ఊరుకొంటారు. మనుమరాలు అడిగితే వియ్యపురాలిని ఎత్తిపొడిచే పాట కూడా నవ్వుతూ పాడతారు.

ఇంట్లో పాడేవారు ఇప్పటికే లేకపోతే ఆ ఇంటి ఆడపడుచులను వెతకాలి. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్ల పుట్టింటి పాటను అత్తింటికి మోసుకువెళుతుంది కనుక, పర్లాకిమిడిలో వినిపించని పాట ఏటి అవతల పాతపట్నంలోనో, టెక్కలిలోనో, బరంపురం వారి పాట ఇచ్ఛాపురంలోనో దొరకవచ్చు. పాత క్యాసెట్లు ఉంటే పెద్దవారికి వినిపించడం కూడా పనికి వస్తుంది. టౌ మోఎ అనే హవాయి గిటారు కళాకారుడు, ఆయన భార్య రోజ్ 1929లో టోక్యోలో రికార్డు చేసిన పాటలను, దేశదేశాలు తిరిగి ముసలివారయ్యాక, దాదాపు 60 ఏళ్ళ తరువాత పాత పద్ధతిలోనే మళ్ళీ పాడి రికార్డు చేశారు. 1940లలో ఆ కుటుంబం కలకత్తాలో కొన్నేళ్ళు నివసించిందని తెలిస్తే, ఒడిశాలోనూ బెంగాల్‌లోనూ పాత తరం వారికి హవాయియన్ గిటార్ అన్న పేరు ఎందుకు పరిచయమో కొంత అర్థమవుతుంది.

అనుమతి

హవాయి గిటారు వాయిద్యంలో కీ హోఆలు అనే పద్ధతి ఉంది. 1830లలో పశువులను కాయడానికి మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన గొల్లల వల్ల గిటారు ఆ దీవులకు చేరింది. స్థానికులు దాని తీగలు కొన్ని వదులు చేసి, పాడేవారి గొంతుకు తగిన శ్రుతులు తామే కల్పించుకొన్నారు. ఆ శ్రుతులు ఒక్కో కుటుంబానికి సొంతం, బయటివారికి చెప్పేవారు కాదు. వాయిద్యం కింద పెట్టేముందు, ఎవరూ కనిపెట్టకుండా తీగలు సడలించేవారు కూడా ఉన్నారు. 1946లో గ్యాబీ పాహినుయి ఈ పద్ధతిలో వాయించి రికార్డు ఇచ్చాక దీవులంతటా అది వినిపించింది, ఆ తరువాతి దశాబ్దాల్లో పెద్ద వాయిద్యకారులు ఒక్కొక్కరుగా శిష్యులకు బాహాటంగా నేర్పడం మొదలుపెట్టారు. దాచుకోవడం వారి హక్కే. అయితే దాచుకొన్నవారు వారసుడు లేకుండా పోతే ఆ శ్రుతీ పోతుంది. ఈ రెండు మాటలూ పెద్దవారికి మెల్లగా చెప్పి, నిర్ణయం వారికే వదిలిపెట్టాలి.

అడగవలసినవి మూడు ఉన్నాయి. పాటను రికార్డు చేయవచ్చా, ఇంటివారికి కాక ఇతరులకు వినిపించవచ్చా, ఫోన్లలో పంపవచ్చా అని విడివిడిగా అడగాలి. అమ్మవారి ముందు మాత్రమే పాడే పాటలు, చావు ఇంట పాడే పాటలు ఊరికే కూర్చొని పాడడానికి చాలామంది ఒప్పుకోరు. ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. గజపతి, రాయగడ కొండల్లోని సవరల పాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వారి పాటను వారి పిల్లలకు వారే నేర్పుకోవాలి, మనం అడిగితే సాయపడాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు (1863–1940) సవర మనిషిని తన ఇంట ఉంచుకొని, ముందు వారి భాష నేర్చుకొని, ఆ తరువాతనే వారి పాటలు, కథలు సేకరించారు. ఈ జిల్లాలో పుట్టిన ఏ సేకరణకైనా ఆ క్రమమే ఆదర్శం.

రికార్డు చేయడం

మామూలు ఫోను చాలు. దానిని విమాన ప్రయాణపు మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద, పాడేవారి నోటికి మూరెడు దూరంలో ఉంచాలి. ఫ్యాను ఆపాలి, కిటికీ రోడ్డు వైపు ఉంటే మూయాలి. వడ్లు దంచేటప్పుడైతే రోటి మోత పాటను మింగివేయకుండా ఫోనును ఇంకొంచెం వెనక్కి జరపాలి. రికార్డరు సెట్టింగులలో నాణ్యత అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఎంచుకోవాలి. మొదట తేదీ, ఊరు, పాడుతున్నవారి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నారు అన్నవి వారి నోటనే చెప్పించాలి. ఆ నాలుగు మాటలు ఫైలులోనే ఉంటే కాగితం పోయినా వివరం పోదు. మధ్యలో మాట మరిచి ఆగినా, తిట్టుకొన్నా, నవ్వినా రికార్డు ఆపవద్దు. పాట అర్థాన్ని గురించి వారు చెప్పే మంచి మాటలు సాధారణంగా అక్కడే వస్తాయి. వాట్సాప్‌లో పంపవలసి వస్తే ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే ధ్వని నాణ్యత తగ్గుతుంది. ఒక ప్రతి ఇంట్లో, మరో ప్రతి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర ఉంచి, ఏటా ఒకసారి తెరిచి చూడాలి.

రాయడం

పలికినది పలికినట్టే రాయాలి. మన వైపు యాసను, పాటలో దొర్లిన ఒడియా మాటను సరిదిద్ది పుస్తక భాష చేస్తే తాళం తప్పుతుంది. మొదట తెలుగు లిపిలో ఒక ప్రతి రాసి, దాని ఎదుటి పేజీలో పిల్లల కోసం ఒడియా లిపిలో రాయాలి. ఇక్కడ కొన్ని చిక్కులు ఉన్నాయి. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకు కూడా ఒకటే. కనుక మెడ అని రాసినా మేడ అని రాసినా పిల్లకు ఒకే విధంగా కనిపిస్తుంది. దీర్ఘం ఉన్న చోట అక్షరం మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పిల్లలకు ఆ గీత అర్థం చెప్పాలి. వకారానికి ఒడియాలో వేరే అక్షరం ఉన్నా చాలామంది అలవాటుగా బకారమే రాస్తారు. మన ప్రతిలో ఆ తేడా తప్పకుండా పాటించాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు అకారం. ఒడియా చదువరి దానిని ఒకారానికి దగ్గరగా పలుకుతాడు కనుక, అమ్మ అన్న మాట ఒమ్మొ అన్నట్టు వినిపిస్తుంది. దీనికి లిపిలో మందు లేదు. పాట చెవికి పట్టిన తరువాతనే కాగితం పిల్ల చేతికి ఇవ్వాలి.

హవాయి వారికి ఇటువంటి ఇబ్బందే ఎదురైంది. 1834 నుంచి 1948 వరకు వెలువడిన హవాయి భాషా పత్రికల్లో పాటలు విరివిగా అచ్చయ్యాయి గాని, దీర్ఘాన్ని తెలిపే గీతగాని, గొంతు బిగించి పలకడాన్ని తెలిపే గుర్తుగాని వాటిలో సాధారణంగా వేయలేదు. నాటి పాఠకులకు భాష వచ్చు కనుక అవసరం పడలేదు. భాష రాని మనుమలకు అదే పాట ఎలా పలకాలో, ఒక్కోసారి ఏ మాట ఉద్దేశించారో కూడా తెలియలేదు. పెద్దల నోట విన్నవారు ఉన్న చోటనే ఆ సందేహం తీరింది. మన ప్రతుల్లో గుర్తులు ఇప్పుడే వేసుకోవడానికి ఇది తగినంత కారణం.

నేర్పడం

మొదటి కొన్ని కూర్చోవడాల్లో ఫోను, కాగితం రెండూ పక్కన పెట్టాలి. హవాయి పెద్దలు శిష్యులను మొదట చూడమనీ వినమనీ అనేవారు, ప్రశ్నలు తరువాతనే. మన పద్ధతీ అదే. పెద్దవారు ఒక పాదం పాడితే పిల్లలు అదే పాదం తిరిగి పాడాలి, అది కుదిరాక రెండో పాదం, తరువాత రెండూ కలిపి. అక్కడి హులా పాటల్లో చాలావాటిలో ప్రతి చరణాన్నీ రెండుసార్లు పాడతారు, నేర్చుకొనేవారికి అది గొప్ప సౌకర్యం. మన దగ్గర వంతపాట ఆ సాయం చేస్తుంది. కాబట్టి పల్లవి ఎక్కువసార్లు తిరిగి వచ్చే గొబ్బి పాటతోనో, లాలితోనో మొదలుపెట్టి, పొడవైన కథాగేయాలను తరువాతికి ఉంచుకోవాలి. ఒక పండుగకు ఒక పాట చాలు.

శ్రుతి విషయంలో పెద్దవారి గొంతే ప్రమాణం. హార్మోనియం పెట్టి దానికి వారిని ఒదిగించవద్దు. కీ హోఆలు వాద్యకారులు పాడేవారి గొంతును బట్టి తీగలు సవరించుకొన్నారే గాని, తీగలను బట్టి గొంతును మార్చుకోమనలేదు. పిల్లలకు ఆ శ్రుతి బాగా కిందుగా ఉంటే, పాట పూర్తిగా వచ్చాక తమ శ్రుతిలో పాడుకోవచ్చు. తప్పు పాడినప్పుడు దిద్దవలసింది పెద్దవారే. తల్లిదండ్రులు మధ్యలో కలగజేసుకొంటే పిల్లలు వారి మొహం చూస్తారు, మామ్మ నోరు చూడరు. అర్థం చెప్పడం మాత్రం మానకూడదు. అప్పగింతల పాట ఎవరు ఎవరితో అంటున్న మాటో, ఆ సమయానికి పెళ్ళికూతురు ఎక్కడ నిలబడి ఉంటుందో తెలిసిన పిల్ల ఆ పాటను వేరుగా పాడుతుంది.

పాడే చోటు

హవాయిలోని హిలో పట్టణంలో ఏటా జరిగే మెర్రీ మోనార్క్ ఉత్సవంలో 1971 నుంచి హులా పోటీ జరుగుతోంది. గురువులు, శిష్యులు ఏడాది పొడుగునా ఆ తేదీ కోసం సాధన చేస్తారు. జెనోవా కెఅవె (1918–2008) అనే గాయని ఎనభై ఏళ్ళు దాటాక కూడా సొంత కుటుంబీకులతో కలిసి వైకీకీలో వారం వారం పాడేవారు. పాటకు ఒక తేదీ, ఒక చోటు ఉండాలని ఈ రెండింటివల్ల తెలుస్తుంది. మనకు సంక్రాంతి ఉంది, శ్రావణ శుక్రవారాలు ఉన్నాయి, బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్ర ఉంది. వీటిలో ఏదో ఒకదానిని పెట్టుకొని, ఆ రోజు మామ్మ ఎత్తుకోగా మనుమలు వంత పాడేలా ముందుగా అనుకోవాలి.

ఒడియా మాధ్యమం బడి అయినా శనివారం ఒక గంట ఇవ్వమని ప్రధానోపాధ్యాయులను అడగడానికి జంకవద్దు. పెద్దవారు ఒక పాట నేర్పితే ఒడియా పిల్లలూ నేర్చుకొంటారు, బదులుగా ఒడియా అవ్వ ఒకరు తమ పాట నేర్పితే మన పిల్లలూ నేర్చుకొంటారు. బడికి వచ్చే పెద్దవారిని ఆటోలో తీసుకొచ్చి, తిరిగి ఇంటి దగ్గర దింపి, ప్రతిసారీ తాంబూలంలో కొంత రొక్కం పెట్టి ఇవ్వాలి. వారిది పెద్ద విద్య, దానికి ప్రతిఫలం తీసుకోవడం వారికి చిన్నతనం కాదు. వద్దంటే చీర పెట్టాలి.

పెళ్ళి అన్నిటికంటే మంచి చోటు, కష్టమైనదీ అదే. డీజే పెట్టెలు మోగుతుండగా ముసలి గొంతు వినిపించదు. నలుగుకు అరగంట, అప్పగింతలకు అరగంట పెట్టెలు ఆపాలని, ఆ సమయంలో ఫోటోలవారు పాడేవారికి అడ్డం నిలబడకూడదని, వంతకు నలుగురు పిల్లలను ముందే సిద్ధం చేసి ఉంచాలని, ముహూర్తం పెట్టుకొన్న రోజే వియ్యాలవారితోనూ డీజే అబ్బాయితోనూ మాట్లాడుకోవాలి.